ఆఖరి రీలు లేని మందారవల్లి

భద్రాచలం వెళ్లొచ్చామని తెలిసినవాళ్లంతా దర్శనం బాగా జరిగిందా అని అడిగారు. జరిగిందనే చెప్పాను. నిజానికి జరిగింది మా ఆవిడ సరోజకు మాత్రమే. ఆ పూట నేను సత్రం గదిలో తలుపేసుకుని కాగితాలు నింపుతున్నాను. ఆ ప్రయాణం గురించి ఇన్నాళ్లకు రాయాలనిపించింది. చూసిన ఊళ్లు, తిన్న తిండి, కలిసిన మనుషులు అన్నీ చెప్తాను. చేసిన తప్పు కూడా చెప్తాను.

ఎనభైల మొదట్లో మాట. నేను ఖమ్మంలో తెలుగు లెక్చరర్ని. ఒక వారపత్రికకు అప్పుడప్పుడూ సినిమాల మీద వ్యాసాలు రాసేవాణ్ని. 'మందారవల్లి' అనే పాత పద్యనాటకం రెండుసార్లు సినిమాగా వచ్చింది కదా, రెండింట్లో ప్రేమను ఎలా చూపించారో పోల్చి రాయండి అని సంపాదకుడు ఉత్తరం రాశారు.

నాటకం చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. రాజుగారి కోటకు పూలమాలలు కట్టి ఇచ్చే ముసలాయన కూతురు మందారవల్లి. యువరాజు జయసేనుడు ఆమెను ప్రేమిస్తాడు. యుద్ధానికి పోతూ, వచ్చే వసంతానికల్లా తిరిగొస్తానని మాటిస్తాడు. తిరిగొచ్చేసరికి అయిదేళ్లు పడుతుంది. వచ్చేటప్పుడు, సంధి కోసం పెళ్లాడిన మరో రాజకుమారి వెంట ఉంటుంది. నువ్వూ అంతఃపురానికి రా అంటాడు. నాటకంలో మందారవల్లి రానంటుంది. అంతటితో తెర పడుతుంది.

రంగుల్లో తీసిన కొత్త సినిమా ఖమ్మంలోనే ఆడుతోంది. నలుపు తెలుపుల్లో తీసిన పాతది పట్నాల్లో కనిపించి ఏళ్లయింది. టేకులపల్లిలో డేరా సినిమావాళ్లు ఆ వారం దాన్ని ఆడిస్తున్నారని అక్కడి బడిలో మాస్టరుగా ఉన్న నా పాత విద్యార్థి వెంకన్న రాశాడు. మధిరలో ఒకప్పుడు మందారవల్లి వేషం కట్టిన మస్తాన్ సాయిబు ఉన్నాడని కూడా విన్నాను. డిసెంబరు సెలవులు. పిల్లలిద్దరూ మా అక్క ఇంటికి పోయారు. నేను సంచీ సర్దుకుంటుంటే సరోజ వచ్చి, "నేనూ వస్తానండీ, చివర్న భద్రాచలం కూడా చూసొద్దాం" అంది. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప ఇద్దరం కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. సరేనన్నాను.

ఖమ్మంలో మ్యాట్నీ

కొత్త సినిమాలో మందారవల్లి మీద ప్రతి పాటకూ చీర మారింది. యువరాజు గుర్రమెక్కి వెళ్తుంటే ఆమె చెయ్యి ఊపుతుంది, అక్కడ 'విశ్రాంతి' అని అక్షరాలు పడతాయి. మేం వేడివేడి పల్లీలు తిని వచ్చి కూర్చునేసరికి అయిదేళ్లు గడిచిపోయాయి. గుర్రం దిగుతున్నాడు. సంధి పెళ్లి ఉత్తుత్తిదని తేలుతుంది, దుష్టమంత్రితో కత్తియుద్ధం జరుగుతుంది, చివర్న పెళ్లిపందిరి. ప్రేమంటే గెలుపు అని రాసుకున్నాను.

నా పక్కన మిర్చి మార్కెట్ దలారి ఒకాయన కూర్చున్నాడు. నాటకంలో ముగింపు ఇలా ఉండదని ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, సినిమాల గూడ ఏడ్వాలంటే ఎట్ల సార్, ఇంటికాడ లేదా ఏడుపు అన్నాడు. అదీ రాసుకున్నాను. ఇంటికి నడుస్తూ దారిపొడుగునా నేనే మాట్లాడాను. సరోజ వింటూ వచ్చింది. తనకెలా అనిపించిందో అడగాలని నాకు తోచలేదు.

మధిర

మర్నాడు ప్యాసింజరులో మధిర. స్టేషన్ దగ్గర సందులో మస్తాన్ సాయిబు కుట్టుమిషన్ పెట్టుకుని రవికెలు కుడుతున్నాడు. అరవై దాటిన మనిషి, సన్నటి వేళ్లు, మెత్తటి గొంతు. మమ్మల్ని చూసి మిషన్ ఆపి, ఎదురు హోటల్ నుంచి టీ, సమోసాలు తెప్పించాడు. ఖమ్మంలో టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టేసి వస్తాం. అక్కడ ఎవరి గ్లాసు వాళ్లు తొట్టిలో కడిగి బోర్లించి రావాలి. నేను కడగబోతే సాయిబు నా చేతిలోంచి లాక్కున్నాడు.

ఇరవై ఏళ్లపాటు ఆయన మందారవల్లిగా ఊరూరా తిరిగాడట. మూడో అంకమంతా ఆ అయిదేళ్ల ఎదురుచూపే. రంగం మీద పూలబుట్ట, దారం, తండ్రి, కూతురు. ఇంకేమీ ఉండదు. అందుకోసం ఆయన బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె దగ్గర నెలరోజులు కూర్చుని మాల కట్టడం నేర్చుకున్నాడు. రెండు సినిమాల్లోనూ ఆ అంకం తీసేశారని నొచ్చుకున్నాడు. ఆ అంకం నాకూ తెలుసు. కానీ పరీక్షలో దాని మీద ప్రశ్న రాదని ఏటేటా క్లాసులో వదిలేసేవాణ్ని. ఆ సంగతి ఆయనతో అనలేదు.

ఆఖరి అంకం గురించి అడుగుదామని నేను పుస్తకం తెరుస్తుంటే సరోజ నోరు తెరిచింది.

"మూడో అంకంలో మీరు ఏడ్చేవారా సాయిబుగారూ?"

మస్తాన్ సాయిబు ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. "లేదమ్మా. ఏడిస్తే మాల కుదరదు. చేతుల పని ఆగొద్దు. నేను ఏడ్వకుంట కడుతుంటే, కింద కూసున్న ఆడోళ్లు ఏడ్చేటోళ్లు."

తర్వాత కాస్త సిగ్గుపడుతూ ఇంకో మాట చెప్పాడు. ఆయన భార్య ఒక్కసారే ఆ నాటకం చూసింది. ఇంటికొచ్చాక, ఎదురుచూసుడు మంచిగ చేసినవ్, నేర్చుకున్నది నా దగ్గర్నే గద అన్నదట. ఆ రోజుల్లో నాటక సమాజంతో ఊళ్లు పట్టుకుని పోతే నెలల తరబడి ఇంటి మొహం చూసేవాణ్ని కాదు అని తలొంచుకుని దారం తెంపాడు. ఆమె పోయి నాలుగేళ్లయింది. నేను మళ్లీ ఆఖరి అంకంలోకి వెళ్లాను. ఆయన జవాబులు నాకు చెప్తున్నా, కళ్లు సరోజ మీదే ఉన్నాయి.

సత్తుపల్లి

సత్తుపల్లిలో సరోజ వాళ్లన్నయ్య ఇల్లు. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డాడు. మా వైపు "తిన్నవా" అంటే "అవ్" అంటే అయిపోతుంది. అక్కడ "భోంచేశారాండీ" అని ఇంట్లో ముగ్గురూ, వీధిలో ఇద్దరూ అడిగాక గానీ మంచం ఎక్కనివ్వరు. ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, బెల్లం వేసిన సొరకాయ పులుసు. పులుసులో బెల్లమేమిటని పద్దెనిమిదేళ్లుగా అంటున్న మాటే మళ్లీ అని నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

అన్నాల దగ్గర మా ప్రయాణం సంగతి వచ్చింది. సరోజ వదిన నవ్వి, "మందారవల్లి గురించి దీన్నే అడిగితే సరిపోయేది కదండీ అన్నయ్యగారూ" అంది. చిన్నప్పుడు ఊళ్లోకి నాటకం ఎప్పుడొచ్చినా సరోజ ముందు వరసలో ఉండేదట. మూడో అంకం పద్యాలన్నీ నోటికి వచ్చట. పాత సినిమా వచ్చినప్పుడు మూడుసార్లు చూసిందట. ఎదిగిన పిల్ల పద్యాలు పాడుతూ తిరగడం బాగోదని వాళ్ల నాన్న మాన్పించాడట.

నేను సరోజ వైపు చూశాను. ఆమె అన్నయ్యకు మజ్జిగ పోస్తోంది. పద్యాలు పాఠం చెప్పి బతికేవాణ్ని, ఇంట్లో మనిషికి పద్యాలు వచ్చని ఆ రోజు తెలిసింది. ఆ సాయంత్రం ఒక్క పద్యం పాడమని అడగొచ్చు. మర్నాటి బస్సుల గురించి బావమరిదితో మాట్లాడుతూ కూర్చున్నాను.

టేకులపల్లి డేరా

కొత్తగూడెం దాటాక చలి ఎక్కువైంది. రోడ్డుకు రెండు వైపులా టేకుచెట్లు, మధ్యమధ్య పత్తిచేలు. వెంకన్న భార్య జొన్నరొట్టె, ఎండబెట్టి దాచిన చింతచిగురు వేసిన పప్పు చేసి పెట్టింది. సరోజ రొట్టె చేత్తో చరిచే పద్ధతి అడిగి తెలుసుకుంది.

డేరా ఊరి చివర. నేల టికెట్టు ముప్పావలా, కుర్చీ రూపాయిన్నర. ఖమ్మంలో ఆడవాళ్లకు కౌంటరే వేరుగా ఉంటుంది. ఇక్కడ డేరా మధ్యలో నడుమెత్తు చాపలు నిలబెట్టి, అటు ఆడవాళ్లు, ఇటు మగవాళ్లు అన్నారు. ఆడవాళ్లు ఇంటి నుంచి చాపలూ నీళ్లచెంబులూ తెచ్చుకున్నారు. చుట్టుపక్కల గూడేల నుంచి కోయవాళ్లు బండ్ల మీద వచ్చారు. నాకు కుర్చీ వేశారు. సరోజ కుర్చీ వద్దని చాపల అవతల నేల మీద కూర్చుంది. ఆరున్నరకు ఆట మొదలైంది.

పాత సినిమాలో మందారవల్లి తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ ఏడుస్తుంది. అయిదేళ్లు ఒక్క పాటలో వెళ్లిపోతాయి. వాన, ఎండ, ఆకులు రాలడం, ఆమె కిటికీ దగ్గర నిలబడటం. యువరాజు పెళ్లి చేసుకుని వచ్చాడని తెలిసి ఆమె కోట మెట్ల మీద ప్రాణం వదిలేస్తుందని నాకు గుర్తు. ప్రేమంటే చావు అని ముందే రాసుకుని కూర్చున్నాను. కానీ ఆ ముక్క రాలేదు. యువరాజు చెయ్యి చాచి రమ్మన్నాడు, ఆమె తలెత్తి చూసింది, తెర తెల్లబడింది. లైట్లు వేశారు. జనం చాపలు చుట్టుకుని లేచారు.

డేరా మేనేజరును పట్టుకుని అడిగాను. "ఆఖరి రీలు లేదు సార్. రెండేండ్ల కింద వర్షంల తడిసి ఖరాబయింది. మేం గిట్లనే ఆడిస్తున్నం. ఆమె సచ్చిపోతదని ఈడ ఎవరికీ తెల్వదు" అన్నాడు. ఇంత దూరం వచ్చి ముగింపు లేని సినిమా చూశానే అని నాకు చిరాకేసింది. సరోజ చాపల అవతల ఒక కోయామెతో ఏదో మాట్లాడుతోంది. జల్దీ రమ్మని పిలిచాను.

అడవిలో ఆగిన బస్సు

మర్నాడు భద్రాచలం వెళ్తుంటే, పాల్వంచ దాటిన కాసేపటికి బస్సు ఇంజన్‌లోంచి పొగ వచ్చింది. డ్రైవరు దిగి చూసి, ఇంకో బస్సు రావాలి, రెండు గంటలు పడుతుందన్నాడు. పొద్దున పది గంటల వేళ. ప్రయాణికులు ఎవరికి వాళ్లు నీడ చూసుకున్నారు. ఒక ముసలామె గంపలో రేగుపళ్లు తెచ్చి కూర్చుంది. పావలా ఇస్తే ఒడినిండా పోసింది. ఖమ్మంలో పావలాకు పిడికెడు వస్తాయి. మేం రోడ్డుకు కాస్త ఎడంగా ఒక బండ మీద కూర్చున్నాం. చేతిలో పుస్తకం లేదు, మాట్లాడటానికి ఇంకెవరూ లేరు. అప్పుడు అడిగాను, నిన్న ఆ కోయామెతో ఏం మాట్లాడుతున్నావని.

"తర్వాత ఏమైందమ్మా, మీకు తెలిసే ఉంటుంది కదా అని అడిగిందండీ."

"చచ్చిపోయిందని చెప్పావా?"

"లేదు. ఆమె కోటలోకి పోలేదని చెప్పాను. కోట గుమ్మం ఎదురుగా పూలకొట్టు పెట్టుకుందని చెప్పాను. ఆయన రోజూ ఆ దారినే పోతాడు, ఈమె పనిలో ఉండి తలెత్తదు అని చెప్పాను."

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆగింది. ఎందుకలా చెప్పావన్నాను. సరోజ రేగుపండు గింజ దూరంగా ఊసి, నెమ్మదిగా చెప్పింది. యువరాజు యుద్ధానికి పోయేటప్పుడు ప్రేమ చూపించారు, వచ్చినప్పుడు చూపించారు. నడుమ అయిదేళ్లు అది ఎక్కడుందో ఏ సినిమావాళ్లూ చూపించలేదు. ఆ అయిదేళ్లూ అది ఆ పిల్ల దగ్గరే ఉంది కదా. పొద్దున లేచి నీళ్లు తోడి, పూలు కోసి, మాల కట్టి, నాన్నకు అన్నం పెట్టి. ఒకరు ఆమెను చంపారు, ఒకరు పెళ్లి చేశారు. ఆయన తిరిగొస్తేనే ఆమె కథ ముందుకు నడిచింది.

ఆ తర్వాత తన సంగతి చెప్పింది. పెళ్లయిన ఏడాదికి నేను ఎం.ఏ. చదవడానికి హైదరాబాదు వెళ్లాను. రెండేళ్లు ఆమె మా పల్లెలో మా అమ్మ దగ్గర ఉంది. నేను రాసిన ఉత్తరాల నిండా కావ్యాల గురించే ఉండేదట. మా అమ్మ చదివి వినిపించమంటే, ఏం చదవాలో తెలియక, కులాసాగా ఉన్నారట, మిమ్మల్ని అడిగారట అని కల్పించి చెప్పేదట. రెండో ఏడు ఆమెకు అయిదో నెలలో గర్భం పోయింది. ఆ సంగతి నాకు తెలుసు. కబురందిన నాలుగు రోజులకు వెళ్లాను.

"మీరు వచ్చారు. రెండు రోజులుండి వెళ్లారు. పరీక్షలు కదా. మీరు వెళ్లిన రోజు పొద్దున్నే నేను వాకిట్లో వడ్లు ఎండబోశానండీ. అత్తయ్య వద్దన్నారు. మొత్తం నేనే పోసి, కాళ్లతో తిరగేశాను. మస్తాన్ సాయిబు చెప్పింది వింటుంటే అదే గుర్తొచ్చింది."

ఆమె గొంతు వణకలేదు. ఆమె చెయ్యి పట్టుకోవాలనుకున్నాను. బస్సువాళ్లందరూ చూస్తారని ఆగాను. నాకు ఏడుపు వచ్చిన మాట నిజం. అదే క్షణంలో వ్యాసానికి ముగింపు దొరికిందని అనిపించిన మాట కూడా నిజం. ఇంకో బస్సు వచ్చింది. ఎక్కాం.

భద్రాచలం

సత్రంలో స్నానాలయ్యాక సరోజ కొత్త చీర కట్టుకుని, బయల్దేరదామా అంది. తలనొప్పిగా ఉంది, నువ్వు వెళ్లిరా అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, అమృతాంజనం సీసా తీసి మంచం మీద పెట్టి వెళ్లింది. తలుపేసుకుని రాయడం మొదలుపెట్టాను. అంత సులువుగా నేను ఎప్పుడూ రాయలేదు. కోట ఎదుట పూలకొట్టు రాశాను. నడుమ అయిదేళ్లు ప్రేమ ఎక్కడుందన్న ప్రశ్న రాశాను. 'నాకు తెలిసిన ఒక గృహిణి' అని మొదలుపెట్టి పోయిన గర్భం, ఎండబోసిన వడ్లు కూడా రాశాను. పేరు లేదు కదా అనుకున్నాను.

తలుపు చప్పుడైతే కాగితాలు దినపత్రిక కిందికి తోశాను. సరోజ చేతిలో పులిహోర పొట్లం, కుంకుమ. నా నుదుట బొట్టు పెట్టింది. జనం బాగా ఉన్నారట. లైన్లో నిలబడి, తలనొప్పి తగ్గి నేను వస్తానేమోనని వెనక ఉన్న ఇద్దరు ముగ్గురిని ముందుకు పోనిచ్చిందట. దినపత్రిక కింద నుంచి కాగితాల అంచులు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె అటు చూసి, పులిహోర ఆకులో పెట్టి, చల్లారిపోతుంది తినండి అంది.

ఇంటికి చేరాక

వ్యాసం నెలకు అచ్చయింది. అంతకు ముందు నా ఏ రాతకూ రానన్ని ఉత్తరాలు వచ్చాయి. అందరూ పూలకొట్టు గురించి, వడ్ల గురించే రాశారు. మీరు ఆడవాళ్ల మనసు చదివారండీ అని ఒకరు. కాలేజీలో ప్రిన్సిపాల్ పిలిచి చెయ్యి కలిపారు. అన్ని ఉత్తరాలూ సరోజకు చూపించాను. వ్యాసం మాత్రం చూపించలేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె వసారాలో చిక్కుడుకాయలు వలుస్తూ, ఒళ్లో పత్రిక పెట్టుకుని చదువుతోంది. నేను చెప్పులు విప్పి అక్కడే నిలబడిపోయాను. చివరి దాకా చదివింది. పత్రిక మూసి, పైన పడిన పొట్టు దులిపి, నాకు అందించింది.

"ఆ వడ్ల సంగతి మా అమ్మకు కూడా చెప్పలేదండీ" అంది.

నేను అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. "పేరు రాయలేదు కదా" అన్నాను. ఇన్నేళ్లలో నేను అన్న మాటల్లో వెనక్కి తీసుకోగలిగితే ముందుగా దాన్ని తీసుకుంటాను. ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ పూట చిక్కుడుకాయ కూరే చేసింది. కోపం ఉన్నట్టు ఎక్కడా కనిపించలేదు.

తర్వాత చాలాసార్లు క్షమాపణ అడిగాను. పోనివ్వండీ అనేది. ఒకసారి ధైర్యం చేసి, మూడో అంకంలో పద్యం ఏదైనా పాడవా అని అడిగాను. మరిచిపోయానండీ అంది.

ఇప్పుడు సినిమాలకు ఆమె పక్కింటావిడతో, ఎదురింటి టీచరమ్మతో కలిసి వెళ్తుంది. తిరిగొచ్చాక ముగ్గురూ మా వసారాలోనే కూర్చుంటారు. నా గదికీ వసారాకూ మధ్య ఒక్క గోడే. నాకు సరోజ గొంతు వినిపిస్తుంది. ఆ హీరోయిన్ అలా ఎందుకు అనాలి, నేనైతే ఏమనేదాన్నో అని చెప్తుంటుంది. వాళ్లు నవ్వుతారు, ఎదురు వాదిస్తారు, ఆమె గొంతు పెంచుతుంది. ఇంట్లో నాతో ఎన్నడూ అంతసేపు మాట్లాడలేదు. మొదట్లో ఒకటి రెండుసార్లు నేనూ వినాలని కుర్చీ తీసుకుని బయటికి వెళ్లాను. కూర్చోండి అని జరిగి చోటిచ్చింది. తర్వాత ముగ్గురూ చిక్కుడుకాయల ధర గురించి మాట్లాడారు.

అందుకని వెళ్లడం మానేశాను. వాళ్లు వచ్చిన చప్పుడైతే పెన్ను మూత పెట్టి, గదిలోనే గోడ పక్కన కూర్చుంటాను. వినిపించినంత వింటాను. ఏదీ రాసుకోను.